మార్జారక్రీడావిచారము

"పిల్లికిఁ జెలగాటము, ఎలుకకుఁ బ్రాణసంకటము" అను సామెత యెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. బలవంతుని వినోదము దుర్బలునకుఁ జేటగుటను జెప్పుటకు లోకమున దీనిని వాడుచుందురు. ఆ తాత్పర్యమునకు వంక పెట్టువా రెవ్వరును లేరు. కాని సామెతలయం దుపమేయముమీఁదనే దృష్టి నిలిపి యుపమానమును విడిచిపెట్టుట మనకు వాడుక. పిల్లి నిజముగా నాడునా? ఆడినచో నెవరితో నాడును? ఒక్క యింట నాలుగైదు పిల్లు లున్నపుడు చెలగాట మెవరిది, ప్రాణసంకట మెవరిది? ఈ ప్రశ్నలు చూపునకుఁ జిన్నవి. సమాధానము వెదకఁబోఁగా వ్యాకరణము, ఇతిహాసము, శిల్పము, దేశాంతరవాఙ్మయము, నేఁటి జంతుశాస్త్రము తమతమ సాక్ష్యముల నొసఁగుచున్నవి. వానిని గ్రమముగాఁ బరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట శబ్దమును జూతము. చెలగు ధాతువునకు ఆటము చేరఁగా నుత్వసంధిచేఁ జెలగాట మైనది. చెలఁగుట యన నుత్సహించుట, విజృంభించుట. కావునఁ జెలగాట మన నుత్సాహముతోఁ గూడిన యాట. సామెత చేసినవాఁడు పిల్లికి "వేఁట" యనలేదు, "ఆఁకలి" యనలేదు. "ఆట" యనియే చెప్పినాఁడు. పిల్లి యెలుకను బట్టి వెంటనే చంపక విడిచి, పరుగెత్తనిచ్చి, మరలఁ బట్టుటను గన్నులారఁ జూచినవాఁ డామాట యన్నాఁడు. ఒక్కటే క్రియ యొకవైపునుండి చూడ నాట, మఱియొకవైపునుండి చూడ మరణము. ఈ పరిశీలన మెంత నిశితమో ముందు తెలియఁగలదు.

సంస్కృతమున మార్జారమునకుఁ బేళ్లు పెక్కు గలవు. అమరసింహుఁడు సింహాదివర్గమున ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు అని యైదింటిని బఠించెను. వృషదంశక మన నెలుకలఁ గఱచునది. ఆఖుభు క్కన నెలుకలఁ దినునది. ఓతుశబ్దమును రక్షణార్థకమగు అవధాతువునుండి తున్ప్రత్యయముచే సాధింతురు. ఎలుకలబారినుండి యింటిని గాపాడునది యని వివరణము. మార్జారశబ్దము శుద్ధ్యర్థకమగు మృజధాతువునుండి పుట్టినది. నాలుకతో నిరంతరము తన మేని నాకి శుభ్రపఱచుకొను జంతువున కది తగిన పేరే. ఓతుశబ్దము వైయాకరణులకు మఱియొక కారణమునఁ బ్రియమైనది. సమాసమున ఓతుశబ్దము పరమగునపుడు పరరూపము వికల్పముగా వచ్చునని వార్తికము చెప్పుటచే, బలిసిన పిల్లి "స్థూలోతువు" గావచ్చును, "స్థూలౌతువు" గావచ్చును. బాలురు పాఠశాలలలో వల్లించు నీ యుదాహరణమునఁ బిల్లి బలిసియున్నదేకాని యాడుచుండలేదు. ఐదు పేళ్లలోను క్రీడను దెలుపున దొక్కటియు లేదు.

సమాసప్రకరణమున నింకొక స్థానమునఁ బిల్లి కనఁబడును. నిత్యవైరము గల ప్రాణులను జెప్పు ద్వంద్వ మేకవద్భావమును బొందునని పాణిని రెండవ యధ్యాయమున విధించెను. కాశికాకారు లచట మార్జారమూషకము, అహినకులము అను వాని నుదాహరించిరి. పిల్లికి నెలుకకు నెంతటి విరోధమో, సమాసమున నవి యంతగా నేకమై యేకవచనముననే నిలుచును. కాని పిల్లియుఁ బిల్లియుఁ గూడినపుడు గతి యేమి? సమానరూపములగు శబ్దములకు నేకశేషము విధింపఁబడినది గాన మార్జారద్వయ మైనను, మార్జారశత మైనను శబ్ద మొక్కటే మిగులును. ప్రాచీనవాఙ్మయమునఁ బిల్లి కథ యంతయు నీ యేకశేషమువంటిదే యని చెప్పవచ్చును. పిల్లు లెన్ని యున్నను గవుల దృష్టికి మిగిలినది యొక్కటే.

భారతమును జూడుఁడు. శాంతిపర్వమున వలలోఁ జిక్కిన లోమశుఁడను పిల్లియుఁ బలితుఁడను నెలుకయు నాపత్కాలమున సంధి చేసికొనుట గలదు. ఉద్యోగపర్వమున గంగాతీరమునఁ దపోవేషము ధరించి యెలుకల నమ్మించి భక్షించిన పిల్లి కథ గలదు. మామల్లపురమున 7వ శతాబ్దపుఁ బల్లవశిల్పులు మహాశిలపై వెనుకకాళ్లమీఁద నిలిచి ముందుకాళ్లెత్తి తపము చేయు పిల్లిని జెక్కి, దాని పాదములకడ నెలుకలను నిలిపిరి. పంచతంత్రమునఁ గుందేటికిఁ గపింజలమునకుఁ దగవు తీర్పఁ గూర్చున్న దధికర్ణుఁడును నీ జాతివాఁడే. మనువు కపటవ్రతునకు బైడాలవ్రతికుఁడని పేరిడెను. విశిష్టాద్వైతులలోఁ దెంగలవారు ప్రపత్తిని వివరించుటకై చెప్పు మార్జారకిశోరన్యాయమునందు మాత్రము పిల్లి వంచకి గాక, కూనను నోటఁ గఱచుకొని పోవు తల్లియైనది. వంచనయో వాత్సల్యమో, యన్నిట నొక్కటే పిల్లి. అన్నిట దాని కొక్కటే ప్రయోజనము. తెనాలి రామకృష్ణుని పేర వ్యాపించిన కట్టుకథయందును రాజు పిల్లులను బంచిపెట్టినది యింటి కొక్కటి చొప్పుననే. ఒక్క యింటఁ బెక్కు పిల్లులు దమలోఁ దా మెట్లుండునో చెప్పుట కీ కథలు పుట్టలేదు.

వాఙ్మయమున లేదు గావున మన పెద్దలు పిల్లులతో నాడలేదని యూహించుట సాహసము. ఇంటిలోని చిన్నపనులు కావ్యముల కెక్కుట యరుదు. నోటిమాటలలో నిలుచుట మెండు. అందుకే సామెత యొక్కటి నూఱు కథలకంటె నీ విషయమున విలువైన సాక్ష్యము.

ఇఁక జాతిచరిత్రమును జూతము. సైప్రసు ద్వీపమున షిలూరోకాంబోస్ అను చోటఁ ద్రవ్వకములలో మనుష్యుని సమాధిచెంతఁ బిల్లిని గూడఁ బూడ్చిన గుంట బయల్పడినట్లు 2004లో ఫ్రెంచి పురాతత్త్వజ్ఞులు ప్రకటించిరి. దాని వయస్సు సుమారు 9,500 సంవత్సరములు. ఇంటిపిల్లికి మూలపురుషుఁ డుత్తరాఫ్రికా పశ్చిమాసియా ప్రాంతముల యడవిపిల్లి యని జన్యుపరీక్షలు తెలిపినవి. ఈ యడవిపిల్లి యొంటిగాఁ దిరుగును, ఒంటిగా వేఁటాడును. గాదెలచుట్టుఁ జేరిన యెలుకలకై యది మనుష్యుల దాపునకు వచ్చెను. కుక్క గుంపుగా వేఁటాడు జాతినుండి వచ్చుటచే నాజ్ఞకు లోఁబడుట నేర్చినది. పిల్లికి గుంపు లేదు, నాయకుఁడు లేఁడు. ఇల్లు చేరినను దాని వేఁటరీతి మాఱలేదు. ఈగుప్తు దేశమున నెబామును సమాధిలోని చిత్రమున, క్రీస్తుపూర్వము 1350 ప్రాంతమున, యజమానుఁడు రెల్లుపొదలలోఁ బక్షులవేఁట యాడుచుండఁగాఁ బిల్లియు దానంతటఁ దాను బక్షులను బట్టుచున్నట్లు వ్రాయఁబడినది. అచట యజమానునకు వేఁట వినోదము. పిల్లికి వినోదమే వేఁట.

పిల్లిచేష్టలను మనుష్యుఁడు ప్రీతితోఁ జూచి వ్రాసికొనుట క్రమముగా హెచ్చినది. జపానుచక్రవర్తి యుదా 889లోఁ దన దినచర్యయందుఁ దన నల్లపిల్లిని వర్ణించెను. 9వ శతాబ్దమున నొక ఐరిష్ సన్న్యాసి తన పాంగుర్ బాన్ అను పిల్లినిగూర్చి పద్యములు వ్రాసి, దాని యెలుకలవేఁటకును దన శాస్త్రార్థపువేఁటకును సామ్యము చెప్పెను. గ్రంథమెదుటఁ గూర్చుండు మనబోఁటుల కా పోలిక హృద్యము గాకపోదు. 16వ శతాబ్దమున ఫ్రెంచిదేశపు మొంటేన్, తాను పిల్లితో నాడునపుడు పిల్లికిఁ దాను వినోదమో తనకుఁ బిల్లి వినోదమో తెలియదని సంశయించెను. ఆటకుఁ గర్త యెవరు, కర్మ యెవరు అని యడుగుటయే యిది. ఈ మువ్వురి వ్రాఁతలలోను బిల్లి యొక్కటే.

పెక్కు పిల్లులు గల యింటి సంగతి తెలియుటకు 19వ శతాబ్దమునకు రావలయును. ఫ్రెంచికవి తెయోఫీల్ గోతియే 1869లోఁ దన యింటి జంతువులనుగూర్చి యొక చిన్నపుస్తకము వెలువరించి, తన తెల్లపిల్లుల వంశమును నల్లపిల్లుల వంశమును రాజవంశములవలె వర్ణించెను. ఒక్క తల్లికిఁ బుట్టిన మూఁడు నల్లకూనలు స్వభావమున నొకదాని కొకటి సంబంధము లేనివని యతఁడు గుర్తించెను. ఏకశేష మచట విడిపోయినది.

దీనికంటె మనకుఁ బ్రస్తుతమైనది అమెరికారచయిత మార్కు ట్వైను సాక్ష్యము. అతఁడు పిల్లులలో మునిఁగి తేలినవాఁడు. ఇంట నెప్పుడును బెక్కింటిని బెంచినవాఁడు. కడపటి దినములలో రెడ్డింగు గ్రామమున నివసించుచు 1908 అక్టోబరులో వ్రాసిన లేఖలో నొక కూననుగూర్చి చెప్పెను. బిలియర్డ్సు బల్ల మూలసంచిలో నది సరిగాఁ బట్టును. అందుఁ గూర్చుండి యాట చూచుచు, దాపున దొరలిపోవు బంతిని బంజాతోఁ గొట్టి దారి మరలించి యాటను జెఱచును. దాని నెవ్వరును దఱుమలేదు. ఇంటివా రాటకు నొక క్రొత్తనియమము చేర్చుకొనిరి: బంతి పిల్లి చేతులలో నున్నను, కొట్టినచోఁ బిల్లికి దెబ్బ తగులునంత దాపున నున్నను, ఆడువాఁడు దానిఁ దీసి బల్లపై నియతములగు మూఁడు చుక్కలలో ఖాళీగా నున్నదానిపై నుంచవచ్చును. ఇది చదివిన వైయాకరణునకు సంతోషము గలుగును. ఉత్సర్గమును జెఱపక, పిల్లికొఱ కపవాదమును జేయుట యిది. పిల్లితో నాటకు మూలసూత్రము దీనియందే యున్నది: మన యాటలోనికిఁ బిల్లి రాదు, దాని యాటకు మనమే చోటు చేయవలయును.

ఆ చో టెట్టిదో తెలియుటకు శాస్త్రజ్ఞుల పరిశోధనము తోడ్పడును. జర్మనుపండితుఁడు పౌల్ లైహౌజన్ 1956లోఁ బిల్లుల నడవడినిగూర్చి ప్రకటించిన గ్రంథముతో నీ విచారమునకు గట్టి పునాది యేర్పడెను. పొంచుట, తఱుముట, పట్టుట, చంపుట అనునవి యొక్క యాఁకలికే కట్టువడినవి కావనియు, దేని ప్రేరణ దానికి వేఱుగాఁ గలదనియు నతఁడు చూపెను. అందుచేతనే కడుపు నిండిన పిల్లియుఁ బొంచియుండును. 1998లో ఆంగ్లదేశపు హాల్, బ్రాడ్‌షా అనువారు ఆఁకలిగొన్న పిల్లులు బొమ్మలతో మఱింత తీవ్రముగా నాడునని పరీక్షించి నిరూపించిరి. ఒకే బొమ్మను మాటిమాటికిఁ జూపినచోఁ బిల్లికి విసువు పుట్టుననియు, బొమ్మ మార్చినచో నుత్సాహము మరల వచ్చుననియు 2002లోఁ దెలిపిరి. దీనింబట్టి తేలిన దేమనఁగా, పెద్దపిల్లికి వస్తువుతో నాట యనునది వేఁటయే. త్రాటికొన నాడించు నీఁక దానికిఁ బిట్ట. నేలపై దొరలు నుండ దానికి నెలుక. చెలగాట మను మాటతో సామెత చెప్పిన దిదియే.

ఇఁక మొదటి ప్రశ్నకు వత్తము. ఒంటివేఁటకాండ్రు నలుగు రొక్కయింటఁ జేరినపుడు త్రాడొక్కటే యైనచో నేమగును? ఎలుక యొక్కటే, వేఁటకాండ్రు నలుగురు. ధైర్యము గలది ముందుకు దూఁకును. పిఱికిది వెనుకకుఁ దగ్గును. గృహస్థుఁడు "పిల్లు లాడుకొనుచున్నవి" యని సంతసించును. ఆడుచున్నది యొక్కటే, తక్కినవి చూచుచున్నవి. కొంతకాలమునకు ధైర్యము గలది యా పిఱికిదానినే పొంచి తఱుముటకు మొదలిడును. చెలగాటమునకు నెలుక దొరకనిచోఁ దోడిపిల్లియే యెలుక యగును. బహుమార్జారగృహమునఁ గలుగు నసలైన యపాయ మిదియే. ఏకశేషము వ్యాకరణమునఁ జెల్లును, గృహమునఁ జెల్లదు.

పిల్లులు తమలోఁ దా మాడుకొనవా యన్నచో, ఆడుకొనును. కూనలు నాలుగువారములు నిండిన పిమ్మటఁ దోడికూనలతోఁ బెనఁగులాడ నారంభించును. తోడఁబుట్టినవి పెద్దవైన పిదపఁ గూడఁ గలసి పరుండుటయు నొకదాని నొకటి నాకుటయు సంబంధము లేనివానికంటె నెక్కువ. అయినను ఆట యేది, పోరేది యని తెలిసికొనుట చూచువారికిఁ గష్టము. ఇచట మరల వ్యాకరణము నాకు స్ఫురించుచున్నది. సముపసర్గపూర్వకమగు క్రీడధాతువున కాత్మనేపదము విధింపఁబడినది. కాని కూజన మర్థమైనచో నది రాదని వార్తికము. బాలురు కూడి యాడినచో "సంక్రీడంతే". బండ్లు కిఱ్ఱుమన్నచో "సంక్రీడంతి". ధ్వని పుట్టినచోట నది యాట గాదు. వార్తికకారుఁడు పిల్లులను దలఁచి యీ మాట చెప్పలేదు, శకటములనే తలఁచెను. అయినను బిల్లుల విషయమున నింతకంటెఁ జక్కని లక్షణము దొరకదు. 2023లో స్లొవేకియా దేశమునఁ గోషిత్సె పట్టణపుఁ బశువైద్యవిద్యాలయమువారును వారి సహచరులును 105 పిల్లుల చలనచిత్రములను బరిశీలించి, నిశ్శబ్దముగాఁ బరస్పరము పెనఁగులాడుట క్రీడాలక్షణమనియు, దీర్ఘముగా నఱచుట కలహలక్షణమనియుఁ బ్రకటించిరి. రెంటికి నడుమ నిదియో యదియో తేలని తెగ యొకటి గలదనియు వారే చెప్పిరి. ఆ నడిమితెగను గనిపెట్టుటయే గృహస్థుని నేర్పు.

దీని కానవాళ్లు కొన్ని చెప్పవచ్చును. ఆటయందు వంతులు మాఱును: ఇప్పుడు తఱిమినది మఱునిమిషమున దఱుమఁబడును. గోళ్లు లోపలనే యుండును. నడుమనడుమ నిలిచి, మరలఁ గలియును. పోరున చెవులు వెనుకకు మడఁగును, తోఁక యుబ్బును, బుసయు గుఱ్ఱుమనుటయు వినఁబడును. ఎప్పుడును నొక్కటే పాఱిపోవుచు, మఱియొక్కటే తఱుముచున్నచో నది వైర మని తెలియవలయును. ఆ పాఱిపోవుదాని పాలిటికి మన సామెతలోని యుత్తరార్ధము నిజ మగుచున్నది.

కావున బహుమార్జారగృహమునఁ గ్రీడానియమములు కొన్ని యేర్పడవలయును. మొదటిది: ప్రతిపిల్లికి వేఱు వంతు. పిఱికిదానిని వేఱుగదిలో నుంచి, తలుపు మూసి దానితోనే యాడవలయును. రెంటితో నొక్కమాఱు ఆడవలసివచ్చినచో రెండుచేతులను రెండు త్రాళ్లు పట్టి, దూరదూరముగా నాడింపవలయును. రెండవది: కడపటఁ బట్టుకొననీయవలయును. పట్టుబడని వేఁట పిల్లికి విసువు. గోడపైఁ బ్రసరించు లేజరు వెలుఁగుచుక్క నెంత తఱిమినను జేతఁ జిక్కదు గాన, చివరకొక బొమ్మనైన దాని పంజాక్రింద నుంచుట మేలు. మూఁడవది: ఆట ముగిసిన పిదపఁ గొంచెము గ్రాసము పెట్టుట, వేఁట ముగిసి భోజన మగుట సహజక్రమము గదా. నాలుగవది: బొమ్మలను మార్చుచుండుట. ఐదవది: దారములను విడిచిపోకుండుట, పిల్లి దారము మ్రింగినచో నది ప్రేగులకుఁ జుట్టుకొని ప్రాణాపాయము గలుగును. ఆటకును దిండికిని స్థలములు వేఱువేఱుగా నుండి, పాఱిపోఁదలఁచినదానికి రెండవదారియు నెక్కుట కెత్తైన చోటును నున్నచోఁ గలహములు తఱుగును. పిల్లుల తగవు తీర్పవచ్చి రొట్టెయంతయు దినిన కోఁతి కథ బాలురకు సైతము దెలిసినదే. తానే త్రాడు పట్టి, తన వినోదమే చూచుకొను గృహస్థుఁ డా కోఁతికంటె మేలైన న్యాయాధిపతి కాఁడు.

ఇచట రెండు పూర్వపక్షములు పుట్టవచ్చును. ఎలుకలఁ బట్టుటకుఁ బెంచిన పిల్లిని ద్రాళ్లతో నాడించినచో నది తన ధర్మమును మఱచునుగదా యని మొదటిది. ఆట వేఁటయే యైనచో మన మింట హింసనే యభ్యసింపఁజేయుచున్నామని రెండవది. రెంటికి నొక్కటే సమాధానము లభించుచున్నది. ఆంగ్లదేశపు ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారు 2021లోఁ బ్రకటించిన పరిశోధనమున, దినమునకు 5 మొదలు 10 నిమిషములు వఱకుఁ బిల్లితో నాడిన యిండ్లలో నది వేఁటాడి యింటికిఁ దెచ్చు ప్రాణుల సంఖ్య నూటికి 25 వంతులు తగ్గినట్లు తేలినది. ధర్మము కొంత తగ్గిన మాట నిజమే. గాదెకాపున కే పిల్లిని బెంచువాఁడు దానిని లెక్కించుకొనవలయును. కాని యంతకంత హింసయుఁ దగ్గినది. ఆట హింసను బెంచుట లేదు. హింస కొకింత బదులు నిలుచుచున్నది.

తేలిన యర్థ మిది. ప్రాచీనులు పిల్లి నెలుకతోఁ గూర్చి చూచిరి. నిత్యవైరమును వ్యాకరణమున కెక్కించిరి. సామెత యా వైరమున నాటను గనిపెట్టినది. నేఁటివా రా యాట వేఁటయే యని పరీక్షించి చెప్పిరి. ఒక్క యింటఁ బెక్కు పిల్లులను బెంచువాఁ డీ మూఁటిని గలిపి చదువుకొనవలయును. ఎలుకస్థానమున నీఁకను నిలిపినచోఁ జెలగాటము మిగిలి ప్రాణసంకటము తొలఁగును. నిలుపనిచోఁ బిల్లులలో దుర్బలమైనది యా స్థానమును బూరించును.

చెలగాట మను నొక్కమాటయే యింత విచారమునకుఁ జోటిచ్చినది. పిల్లి పొంచుటకు, దూఁకుటకు, పట్టి విడుచుటకు, కూనలు పెనఁగులాడుటకు మన పల్లెలలో నాయాసీమల వాడుకమాటలు వేఱువేఱుగా నుండును. పాఠశాలాపండితులు తమతమ గ్రామములలో వృద్ధులనోట, ముఖ్యముగా స్త్రీలనోట, నట్టి మాటలను సామెతలను విని సేకరించి ప్రకటింతురేని, కావ్యములు చెప్పక విడిచిన గృహచరిత్రలో నొక పుట నిండును.